ఊరికి పేరైన మనిషి

ఆదివారం వచ్చిందంటే మా మరిదికి మనుషులు కనపడరు. టీవీ ముందు సోఫాలో కూర్చుంటాడు. కాఫీ ఇచ్చినా చెయ్యి చాస్తాడు గాని తల తిప్పడు. పోనీ చూసేదేమన్నా మనకి అర్థమయ్యే ఆటా అంటే, అదీ కాదు. దాని పేరు ఫుట్‌బాల్. కాలితో తన్నేది ఎప్పుడో ఒకసారి. బంతి కూడా బంతిలా ఉండదు, పీచు ఒలవని కొబ్బరికాయలా రెండు వైపులా మొన తేలి ఉంటుంది. భుజాలకి దిళ్ళు కట్టుకున్నట్టున్న మనుషులు ఆ కాయ పట్టుకుని పరిగెత్తే ఒక్కడి మీద పదిమంది పడతారు. అందరూ లేచాక అడుగున ఉన్నవాడు బతికే ఉన్నాడా అని నేను కంగారు పడుతుంటే, "వదినా, నాలుగు గజాలు!" అని ఈయన చప్పట్లు కొడతాడు. నాలుగు గజాల కోసమా అంత గొడవ! మన వీధి కుళాయి దగ్గర అంతకన్నా తక్కువ చోటు కోసం అంతకన్నా పెద్ద యుద్ధాలే చూశాను లెండి.

కిందటి అక్టోబరులో న్యూజెర్సీలో మా చెల్లెలి దగ్గర ఉన్నప్పటి సంగతి ఇది. అక్కడ అక్టోబరంటే ఆకులు రంగులు మారే కాలం. మనం కార్తీకంలో వనభోజనాలకి వెళ్ళినట్టు, వాళ్ళు కార్లు కట్టుకుని ఆకులు చూడ్డానికి వెళతారు. ఆ శనివారం మమ్మల్ని పెన్సిల్వేనియా కొండల్లో ఉన్న ఒక ఊరికి తీసుకెళతానన్నాడు మరిది. ఊరి పేరు జిమ్ థార్ప్.

"అదేం పేరు? మనిషి పేరులా ఉందే" అన్నాను.

"మనిషి పేరే వదినా. అసలు ఈ ఫుట్‌బాల్‌ని నిలబెట్టినవాడు ఆయనే" అన్నాడు. ఆట మాట రాగానే మా చెల్లెలు కళ్ళు మూసుకుని నిద్ర నటించింది. నేను మాత్రం విన్నాను. బి.ఏ.లో హిస్టరీ చదివినదాన్ని కదా, చచ్చిపోయినవాళ్ళ కథలంటే చెవి కోసుకుంటాను. ఆ గంటన్నర ప్రయాణంలో మరిది చెప్పిందీ, తర్వాత నేను చెల్లెలి ఇంటి పక్క లైబ్రరీలో కూర్చుని చదివిందీ కలిపి మీకు చెబుతాను.

జిమ్ థార్ప్ 1887లో, ఇప్పటి ఓక్లహోమాలో పుట్టాడు. అప్పటికది రాష్ట్రం కాదు, అమెరికా ఆదివాసులని తోసుకుంటూ తోసుకుంటూ తీసుకొచ్చి కుదేసిన ప్రాంతం. వాళ్ళది సాక్ అండ్ ఫాక్స్ అనే తెగ. తల్లి పెట్టిన పేరు వా-థో-హుక్. మెరుపు వెలుగులో కనిపించిన దారి అని అర్థమట. ఎంత చక్కటి పేరో చూడండి! కవల తమ్ముడొకడు ఉండేవాడు, చార్లీ. తొమ్మిదేళ్ళకే న్యుమోనియాతో పోయాడు. మరి కొన్నేళ్ళకి తల్లి కూడా పోయింది. తోడు పుట్టినవాడూ కన్నతల్లీ అలా వెళ్ళిపోయాక ఆ పిల్లవాడు బడికి పంపితే పారిపోయి వచ్చేవాడట. ఎవరి కోసం వచ్చేవాడో పాపం.

చివరికి పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే చోట ఆదివాసీ పిల్లల కోసం 1879లో పెట్టిన బడికి పంపారు. బడి అంటే మన బడి లాంటిది అనుకునేరు. పిల్లలు రాగానే జుట్టు కత్తిరించేవారు, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. వాళ్ళలోంచి వాళ్ళ జాతిని తీసేసి తెల్లవాళ్ళలా తయారుచేస్తే ఉద్ధరించినట్టే అని ఆ పెద్దమనుషుల నమ్మకం. ఆ బడి ఆవరణలో పిల్లల సమాధులు వరసలు వరసలుగా ఇప్పటికీ ఉన్నాయి.

అక్కడ ఒకరోజు, 1907లో, ఎత్తు గెంతే కుర్రాళ్ళు ఒక కర్ర దాటలేక అవస్థ పడుతుంటే, పనిబట్టల్లో అటు వెళుతున్న ఇతను ఆగి, అలవోకగా దాటేసి వెళ్ళిపోయాడని చెబుతారు. వార్నర్ అనే కోచ్ మర్నాడే పిలిపించాడట. అక్కణ్ణించి అతని దశ తిరిగింది. 1911లో ఈ బడి జట్టు హార్వర్డ్ యూనివర్సిటీని 18-15తో ఓడించింది. మరుసటి ఏడు సైనిక కళాశాల జట్టుని 27-6తో ఓడించింది. ఆ సైనిక జట్టులో ఆడినవాళ్ళలో ఒక కుర్రాడు తర్వాత అమెరికా అధ్యక్షుడయ్యాడు, ఐసెన్‌హోవర్. తాతలనాడు ఎవరి సైన్యం ఎవరిని తరిమిందో తెలిసిన పిల్లలు ఆ రోజు ఎంత కసిగా ఆడి ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

ఈ రెండు ఆటల మధ్యలో, 1912 వేసవిలో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్. అయిదు పోటీల పెంటాథ్లాన్‌లోనూ, పది పోటీల డెకాథ్లాన్‌లోనూ రెండింటా మొదటి బహుమతి అతనిదే. మధ్యలో ఎవరో అతని బూట్లు ఎత్తుకుపోతే, దొరికిన రెండు వేరు వేరు బూట్లు తొడుక్కున్నాడట. ఒకటి పెద్దదై జారిపోతుంటే లోపల ఎక్కువ మేజోళ్ళు వేసుకున్నాడు. అప్పటి ఫొటో ఒకటి ఉంది. జత కుదరని మేజోళ్ళతో, చేతులు నడుం మీద పెట్టుకుని, ఏమీ జరగనట్టు నిలబడి ఉంటాడు. ఆ ఫొటో చూసి నాకు మా నాన్న గుర్తొచ్చాడు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

స్వీడన్ రాజు చెయ్యి కలిపి, ప్రపంచంలో నీ అంత ఆటగాడు లేడన్నాడట. న్యూయార్కులో ఊరేగించారు. ఈ వైభవం ఆరునెలలు. 1913 జనవరిలో ఒక పత్రిక ఓ సంగతి బయటపెట్టింది. ఇతను 1909, 1910 వేసవుల్లో నార్త్ కరోలినాలో చిన్న చిన్న బేస్‌బాల్ జట్లకి డబ్బు తీసుకుని ఆడాడని! రోజుకి రెండు డాలర్లని కొందరు, వారానికి ముప్ఫై అయిదని కొందరు. ఏమైతేనేం, డబ్బు తీసుకుని ఆడినవాడు ఒలింపిక్స్‌కి పనికిరాడు, అదీ అప్పటి నియమం. కాలేజీ కుర్రాళ్ళు చాలామంది వేసవిలో అలా ఆడేవారే. కాకపోతే దొంగ పేర్లతో ఆడేవారు. ఇతనికి ఆ తెలివి లేదు, సొంత పేరుతోనే ఆడాడు. అలా ఆడటం తప్పని తనకి తెలియదని, క్షమించమని ఉత్తరం రాశాడు. కోచ్‌గారు తనకసలేమీ తెలియదన్నారు. ఆ మాట నమ్మేవాళ్ళు తక్కువ. పతకాలు తిరిగి పంపించేశారు. జాబితాలోంచి పేరు కొట్టేశారు.

"దొంగ పేరు పెట్టుకున్నవాళ్ళు పెద్దమనుషులు, నిజం పేరుతో ఆడినవాడు దొంగ!" అన్నాను.

"లోకం తీరంతే వదినా" అన్నాడు మరిది, కారు మలుపు తిప్పుతూ.

ఇక ఎలాగూ డబ్బుకి ఆడినవాడే అని ముద్ర వేశారు కనక, డబ్బుకే ఆడాడు. బేస్‌బాల్‌లో పెద్ద జట్లకి ఆడాడు. 1915లో ఒహాయోలోని కాంటన్ అనే ఊరి ఫుట్‌బాల్ జట్టు ఆటకి 250 డాలర్లిస్తామని పిలిచింది. అప్పట్లో డబ్బుకి ఫుట్‌బాల్ ఆడటమంటే నలుగురిలో చెప్పుకునే పని కాదు. మన వైపు ఒకప్పుడు ఇంటి పిల్ల నాటకాల్లో వేషం వేస్తానంటే ఎలా చూసేవారో, అలాగన్నమాట. గనుల్లో, కర్మాగారాల్లో పనిచేసే ఊళ్ళవాళ్ళు ఆదివారాలు చూసే ఆట. వెయ్యి, పన్నెండొందల మంది వచ్చే ఆటకి ఇతను వచ్చిన మొదటిసారే ఎనిమిది వేలమంది వచ్చారట. విరామంలో మైదానం నడుమ నిలబడి బంతిని ఒక వైపు గోలులోకి తన్ని, వెనక్కి తిరిగి రెండోవైపు గోలులోకీ తన్నేవాడని చెబుతారు. 1916, 1917, 1919లలో కాంటన్ జట్టుదే పైచెయ్యి.

1920 సెప్టెంబరులో అదే కాంటన్‌లో, ఒక కార్ల దుకాణంలో, జట్ల యజమానులు కలుసుకున్నారు. కుర్చీలు చాలక కార్ల మెట్ల మీద కూర్చుని ఒక సంఘం పెట్టుకున్నారు. సంఘానికి పరపతి కావాలి, పేరున్నవాడు కావాలి. జిమ్ థార్ప్‌ని అధ్యక్షుణ్ణి చేశారు. లెక్కలూ పత్రాలూ చూడటం ఆయన వల్ల అయ్యే పని కాదు, ఏడాదికే వేరే మనిషిని పెట్టుకున్నారు. కాని ఆ పేరే కదా పునాది! ఆ సంఘమే 1922 నుంచి ఎన్.ఎఫ్.ఎల్. మా మరిది కాఫీ చల్లార్చుకునేది దాని కోసమే.

ఆ తర్వాతి కథ చెప్పాలంటే మనసొప్పదు. 1922, 1923లలో లారూ అనే చిన్న ఊళ్ళో కుక్కల వ్యాపారి ఒకాయన, తన కుక్కల ప్రచారం కోసం అందరూ ఆదివాసులే ఉన్న జట్టు పెట్టాడు. నాయకుడు థార్ప్. ఆట మధ్యలో కుక్కలతో విన్యాసాలు, ఆదివాసీ నాట్యాలు. ప్రపంచంలో తన అంత ఆటగాడు లేడనిపించుకున్నవాడు కుక్కల పక్కన నిలబడ్డాడు. 1928లో, నలభై ఒక్కటో ఏట, ఆఖరి ఆట ఆడాడు. తర్వాత ఆర్థిక మాంద్యం. సినిమాల్లో చిన్న చిన్న వేషాలు. లాస్ ఏంజెలెస్‌లో గునపం పట్టుకుని మట్టి తవ్వే కూలి. 1932లో అదే ఊళ్ళో ఒలింపిక్స్ జరిగితే టిక్కెట్టు కొనుక్కోలేకపోయాడు. సంగతి తెలిసి ఉపాధ్యక్షుడు కర్టిస్, ఆయనా ఆదివాసీ రక్తం ఉన్నవాడే, తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. చప్పట్లు కొట్టారు గాని పతకాలు ఎవరూ ఇవ్వలేదు.

తాగుడు ఉండేది. నిజం దాచడమెందుకు? ఇల్లు పట్టకుండా తిరిగేవాడు. ఆయన పేరే పెట్టుకున్న మొదటి కొడుకు 1918లో పసితనంలోనే పోయాడు, ఆ దెబ్బ నుంచి తేరుకోలేదంటారు. ఇద్దరు భార్యలు విడాకులు పుచ్చుకున్నారు. ఆ ఇద్దరికీ కలిపి ఎనిమిది మంది పిల్లలు. 1945లో మూడో ఆవిడని చేసుకున్నాడు, పెట్రీషియా. ఆవిడకి పిల్లల్లేరు. 1950లో పత్రికలవాళ్ళు ఆ అర్ధశతాబ్దానికి మేటి ఆటగాడు ఇతనే అని తేల్చారు. 1951లో బర్ట్ లాంకాస్టర్ వేషం వేసిన సినిమా వచ్చింది. ఆ కథ హక్కులు ఎప్పుడో 1500 డాలర్లకి అమ్మేసుకున్నాడు. ఆ ఏడే పెదవికి క్యాన్సర్ వస్తే ధర్మాసుపత్రిలో చేర్పించి, పెట్రీషియా విలేకరుల ముందు ఏడ్చింది, మా దగ్గర ఏమీ లేదని. 1953 మార్చి 28న, కాలిఫోర్నియాలో, బండి మీద కట్టిన ఇంట్లో గుండె ఆగి పోయాడు.

అప్పుడు మొదలైంది అసలు కథ. శవాన్ని ఓక్లహోమా తీసుకెళ్ళారు. తెగ ఆచారం ప్రకారం క్రతువు జరుగుతోంది. కొడుకులూ బంధువులూ అందరూ ఉన్నారు. మధ్యలో పెట్రీషియా పోలీసులని వెంటబెట్టుకుని వచ్చి పెట్టె ఎత్తించుకుపోయింది! ఓక్లహోమా ప్రభుత్వం స్మారకం కట్టడానికి డబ్బివ్వనంది. ఆవిడ ఏ ఊరు మంచి సమాధి కడుతుందా అని ఊరూరా అడిగింది. పెన్సిల్వేనియాలో మాక్ చంక్ అనే ఊరు, ఆదివాసీ భాషలో ఎలుగుబంటి కొండ అట, బొగ్గు వ్యాపారం చితికిపోయి, వారానికి అయిదు సెంట్లు చందా వేసుకుని ఊరిని బాగుచేసుకోవాలని చూస్తోంది. ఒప్పందం కుదిరింది. ఏటికి అటూ ఇటూ ఉన్న జంట ఊళ్ళు 1954లో ఒకటై, ఆయన పేరు పెట్టుకున్నాయి. బతికుండగా ఆయన ఒక్కరోజు కూడా కాపరముండని ఊరు అది.

మేం వెళ్ళేసరికి సమాధి దగ్గర జనం పెద్దగా లేరు. అందరూ ఆకుల కోసం, పొగబండి ఎక్కడం కోసం ఊళ్ళోనే ఆగిపోయారు. రోడ్డు పక్కన పచ్చిక, ఎర్రటి రాతి సమాధి, ఆయన విగ్రహాలు. స్వీడన్ రాజు అన్న మాట రాతి మీద చెక్కారు. ఓక్లహోమా నుంచీ స్టాక్‌హోమ్ స్టేడియం నుంచీ మట్టి తెచ్చి కలిపారట.

కొడుకులు ఊరుకోలేదు. జాక్ అనే కొడుకు 2010లో కోర్టుకి వెళ్ళాడు, మా నాన్నని మా నేలకి పంపమని. 2011లో అతనూ పోయాడు, అన్నదమ్ములు కొనసాగించారు. 2013లో కింది కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది, 2014లో పై కోర్టు కొట్టేసింది, 2015లో సుప్రీం కోర్టు వినడానికే ఒప్పుకోలేదు. మనవల్లో కొందరు మాత్రం తాత ఇక్కడే ప్రశాంతంగా ఉన్నాడు, కదిలించకండన్నారు.

మా చెల్లెలు ఇదంతా విని అంది: "ఛీ, ఏం మనిషి! కన్నపిల్లలు ఉండగా మధ్యలో వచ్చినదానికి ఏం హక్కుంది? అచ్చం మన పిన్నిలాగే."

నేను మాట్లాడలేదు.

ఇప్పుడు మా నాన్న సంగతి చెప్పాలి. ఆయన మునిసిపల్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. మెళ్ళో ఈల, ఎప్పుడూ జత కుదరని మేజోళ్ళు. అమ్మ పోయేటప్పటికి నాకు పధ్నాలుగు, చెల్లెలికి పది. రెండేళ్ళకి పిన్ని వచ్చింది. చెడ్డది కాదు, మంచిదని మేం ఒప్పుకోలేదు, అంతే. మా ఊరు అవనిగడ్డ దగ్గర, కృష్ణ ఒడ్డున. చిన్నప్పుడు రేవులో ఈత నేర్పుతూ నాన్న, "నేనూ చివరికి ఈ నీళ్ళల్లోకే వస్తానర్రా" అనేవాడు. రిటైరయ్యాక పిన్ని పుట్టిల్లని రాజమండ్రి వెళ్ళి ఉన్నారు. ఆరేళ్ళ క్రితం అక్కడే పోయాడు. చెల్లెలికి అందలేదు. నేను వెళ్ళి, దహనం కాగానే పిల్లదాని పరీక్షలని హైదరాబాదు వచ్చేశాను. పదోరోజుకి వెళ్ళేసరికి అస్థికలు గోదావరిలో కలిపేశారు, పిన్ని తమ్ముడి చేత. నలుగురి ముందూ అడిగాను, "నాన్న నీ ఒక్కదాని సొత్తా?" అని. పిన్ని తల వంచుకుంది. ఆ తర్వాత సంక్రాంతికి ఒక ఫోను, ఉగాదికి ఒక ఫోను. అంతే.

ఆ ఎర్రరాయి ముందు నిలబడి నేను ఆలోచించింది పెట్రీషియా గురించి. ఆవిడ చేసింది న్యాయమని అనను. కొడుకుల చేతుల్లోంచి తండ్రిని ఎత్తుకుపోవడం ఏ దేశంలోనూ న్యాయం కాదు. కాని పేరు పోయి, డబ్బు పోయి, ఆరోగ్యం పోయిన మనిషితో ఆఖరి ఎనిమిదేళ్ళు కాపరం చేసింది ఆవిడ. ఆ ధర్మాసుపత్రిలో పక్కన కూర్చున్నది ఆవిడ. కథ రాసేవాళ్ళందరూ ఆవిడని ఒక్క వాక్యంలో తేల్చేశారు. నేను ఇన్ని నవలలు రాశాను, సవతితల్లి పాత్ర వచ్చినప్పుడల్లా నేనూ ఒక్క వాక్యంలోనే తేల్చేశాను.

ఆయన పతకాల సంగతి మిగిలింది కదూ. అభ్యంతరమేదైనా ఉంటే పోటీలయిన 30 రోజుల్లోపల చెప్పాలని 1912 నియమాల్లోనే ఉంది. ఆరునెలలకి చెప్పిన అభ్యంతరం చెల్లదు! ఆ సంగతి ఎవరూ చూడలేదు. 1980ల మొదట్లో ఫ్లోరెన్స్ రిడ్లన్ అనే ఆవిడ లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో బీరువాల వెనక పడిపోయిన ఆ చిన్న పుస్తకం వెతికి తీసింది. ఆవిడ భర్త థార్ప్ జీవితచరిత్ర రాసినాయన. 1982లో కమిటీ దిగివచ్చింది, 1983 జనవరిలో పిల్లల చేతికి నకలు పతకాలిచ్చారు. అప్పుడూ రెండోస్థానం వాళ్ళతో కలిపి ఉమ్మడి విజేత అన్నారు. అతని పతకం అందుకోవలసి వచ్చిన స్వీడన్ ఆటగాడు విస్లాండర్ మాత్రం, అది నాది కాదు, థార్ప్‌దేనని బతికినన్నాళ్ళూ అన్నాడట. ఆయన కుటుంబం ఆ మాటే చెప్పాక, 2022 జులైలో, నూటపదేళ్ళకి, థార్ప్ ఒక్కడే విజేత అని రాశారు.

ఎవరో ఒకరు బీరువా వెనక చెయ్యి పెట్టి వెతకాలి. లేకపోతే అందరూ చెప్పుకునేదే నిజమైపోతుంది.

ఆ రాత్రి, అంటే మనకి తెల్లవారాక, పిన్నికి ఫోను చేశాను. పండగ కాదు కదా, కంగారు పడింది. "ఏమ్మా, పిల్లలు బావున్నారా?" అంది. కాసేపు ఆ మాటా ఈ మాటా అయ్యాక అడిగాను, "పిన్నీ, నాన్నని గోదావరిలో ఎందుకు కలిపావు?" అని. ఆరేళ్ళ క్రితం అడిగింది ప్రశ్న కాదు. ఇది ప్రశ్న.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. "ఆఖరి ఏడాది రోజూ సాయంత్రం కోటిలింగాల రేవు దాకా నడిపించుకెళ్ళేదాన్నమ్మా. మెట్ల మీద కూర్చుని, ఇదీ నీళ్ళే, అదీ నీళ్ళే, ఇక్కడైతే నువ్వు రోజూ రాగలవు అనేవారు. అంత దూరం ఒక్కదాన్నీ వెళ్ళలేనని ఆయనకి తెలుసుగా. మీతో చెబితే నేను కల్పించానంటారని..." అని ఆగిపోయింది.

ఆయన నిజంగా అలా అన్నాడో లేదో ఇప్పుడు తేల్చే కోర్టు లేదు. నాకు తేల్చాలనీ లేదు. నేను కృష్ణకి ఏడాదికోసారైనా వెళ్ళనిదాన్ని. ఆవిడ ఆరేళ్ళుగా రోజూ రేవుకి వెళుతోంది.

"కార్తీకంలో వస్తాను పిన్నీ" అన్నాను.

"రామ్మా. రేవుకి పొద్దున్నే వెళదాం, ఎండెక్కితే మెట్లు కాలతాయి" అంది. మళ్ళీ తనే, "వంకాయ కూరలో కొత్తిమీర కారం ఇప్పటికీ ఇష్టమేనా? లేక మానేశావా?" అని అడిగింది.

పక్కగదిలోంచి మా చెల్లెలు వచ్చి నిలబడింది. ఫోను దాని చేతికిచ్చాను.